మూడేళ్ళ ఫైలుకు మూడే చిల్లులు

నీటి సరఫరా ఆఫీసులో మెట్లు దిగి, పాత మీటర్లు పడేసిన గది దాటి ఎడమకు తిరిగితే రికార్డు గది వస్తుంది. అక్కడ పనిచేసే ఆవిడను ఆఫీసంతా దబ్బనం అక్క అంటుంది. మొదట్లో వెక్కిరింపుగానే అన్నారు. ఇప్పుడు అదే మాట అనేటప్పుడు కాస్త గొంతు సవరించుకుని, నిటారుగా నిలబడి అంటున్నారు. ఆ మార్పు ఎలా వచ్చిందో చెప్పడానికే ఇదంతా.

ఫైలు చేతికిస్తే చాలు, ఒక్క అక్షరం చదవకుండా ఆవిడ దాని వయసు చెప్పేస్తుంది. ఇందులో మంత్రమేమీ లేదు. ఆ ఆఫీసులో ఒక పద్ధతుంది. బతికున్న ఫైలు, అంటే ఇంకా నిర్ణయం తేలని ఫైలు, మూడు నెలలకోసారి కుట్టుకు రావాలి. ఈలోగా చేరిన కొత్త కాగితాలను పైన పెట్టి, పాత దారం కత్తిరించి, దబ్బనంతో ఎడమ అంచున మూడు చోట్ల మళ్ళీ గుచ్చి, కట్ట మొత్తాన్ని కొత్త దారంతో కుట్టాలి. కొత్త కాగితాల కింద పాత చిల్లులు కనబడవు. ఎంత చెయ్యి తిరిగినవాళ్ళు గుచ్చినా దబ్బనం పాత చిల్లుకు వెంట్రుకవాసి పక్కనే దిగుతుంది. అందుకే ఫైలు వయసు పెరిగేకొద్దీ అడుగు కాగితం అంచు జల్లెడలా తయారవుతుంది. ఏడాది ఫైలుకు పది పన్నెండు చిల్లులు. మూడేళ్ళ ఫైలుకు ముప్పై దాటిపోతాయి.

ఈ విద్య ఆవిడ కోరి నేర్చుకున్నది కాదు. శిక్షగా వచ్చి పడింది.

మూడేళ్ళ కిందట ఆవిడ రెండో అంతస్తులో టపా గుమాస్తా. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద వెలుతురు, చేతి నిండా పని. ఆ అంతస్తుకు పెద్ద, సెంటు సారు. ఆయన కంటే ముందు ఆయన పూసుకున్న సెంటు గదిలోకి వచ్చేది. ఆ వాసన తగలగానే టైపిస్టు తన కుర్చీని గోడకు ఆనించేసేది. ఫోన్ల గదిలో పనిచేసే అమ్మాయి తలుపు బార్లా తెరిచి పెట్టేది. టపా మీద సంతకాలు పెడతానని ఆవిడను పిలిచి, తలుపు చేరవేసి, భుజం మీద చెయ్యి వేసి, "ఎందుకలా బిగుసుకుపోతావ్? నన్ను నీ ఇంటి మనిషే అనుకో" అనేవాడు. ఆ చెయ్యి భుజం దగ్గర ఆగేది కాదు. ఒకరోజు ఆవిడ సంతకాల పుస్తకం ఎత్తి ఆయన వేళ్ళ మీద ధబీమని పడేసి బయటికి వచ్చేసింది. ఆ సాయంత్రమే ముగ్గురు ఆడవాళ్ళూ ఒక్క బల్ల దగ్గర కూర్చుని, ఎవరికి జరిగింది వాళ్ళు రాసి, మూడు ఫిర్యాదులు ఇచ్చారు.

ఇలాంటి ఫిర్యాదుల మీద మూడు నెలల్లో విచారణ ముగించాలని ఆ ఆఫీసు నియమాల పుస్తకంలోనే ఉంది. ముగించడం కాదు కదా, మొదలే పెట్టలేదు. ఆవిడను నేలమాళిగలోకి బదిలీ చేసే కాగితం మాత్రం పదకొండో రోజుకే తయారైంది. ఆడవాళ్ళ ఫిర్యాదుకు కాళ్ళుండవు, వాళ్ళ మీద వేసే బదిలీకి మాత్రం రెక్కలుంటాయి. ఈ ఒక్క ఆఫీసులోనే కాదు, చాలా చోట్ల ఇదే తంతు.

కిందకు వెళ్ళిన రోజున ఆవిడకు ఏడుపొచ్చింది. అక్కడున్న రికార్డు తాత (ముప్పై ఏళ్ళుగా ఫైళ్ళు కుడుతున్న ముసలాయన) ఆ ఏడుపును చూడనట్టు నటించి, చేతిలో దబ్బనం పెట్టాడు. "ఏడుస్తూ గుచ్చితే వేలికి దిగుతుందమ్మా. ముందు కళ్ళు తుడుచుకో" అన్నాడు. ఆరు నెలల్లో తనకు తెలిసిందంతా నేర్పి, తాను రిటైరై వెళ్ళిపోయాడు.

పై అంతస్తులో విచారణ సంగతి చూడాల్సింది పరిపాలనాధికారి. ఆయనకు ఆడవాళ్ళు పెట్టుకున్న పేరు రేపు సారు. ఎప్పుడడిగినా ఒకటే పాట.

"ఫైలు కదులుతోందమ్మా. రేపు కనుక్కో."

"మొన్న కూడా రేపే అన్నారు కదండీ!"

"అది మొన్నటి రేపు. ఇది ఇవాల్టి రేపు."

నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేవాడు. ఇలా మూడేళ్ళు జరిగాక ఒక పొద్దున నోటీసు బోర్డు మీద కాగితం వెలిసింది. నెలాఖరున సెంటు సారుకు వీడ్కోలు సభ, అందరూ రావలెను. ఆ కాగితం చదివేసరికి దబ్బనం అక్కకు ఒళ్ళంతా మండిపోయింది. ఆ ఆఫీసు నియమాల ప్రకారం ఉద్యోగంలో ఉన్నంత కాలమే ఆయన మీద చర్య తీసుకోగలరు. రిటైరైతే ఆ ఫైలు దానంతటదే మూసుకుపోతుంది. మూడేళ్ళపాటు రేపు, రేపు అన్నదంతా ఆ ఒక్క తేదీ కోసమే! అప్పటికే లాయరమ్మ ద్వారా కోర్టులో పిటిషన్ వేసి ఉన్నారు ముగ్గురూ. ఇక వాయిదా తరవాత వాయిదా అంటే కుదరదు. ఆలస్యానికి కారణమేమిటో చూడాలి, అసలు ఫైలు పట్టుకురండి అని జడ్జిగారు ఆఫీసును ఆదేశించారు. ఆ వాయిదా నాటికి రిటైర్మెంటుకు పంతొమ్మిది రోజులు మిగిలాయి.

ఆ పొద్దున ఇంట్లో హడావిడి అంతా ఇంతా కాదు. అత్తగారు అందరికంటే ముందే తయారై, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. ఆవిడ రిటైరైన బస్సు కండక్టరు. ఇరవై ఆరేళ్ళు కిక్కిరిసిన బస్సుల్లో అరిచి అరిచి, ఇప్పుడు ఇంట్లో మంచినీళ్ళు అడిగినా మూడో ఇంటికి వినబడుతుంది.

"అత్తమ్మా, మీరెందుకు? అక్కడ పొద్దస్తమానం కూర్చోవాలి."

"ఏం, నేను కూర్చోలేనా? ఇరవై ఆరేళ్ళు నిలబడ్డాను. ఇప్పుడు కూర్చునే బాకీ చాలా ఉంది."

"అమ్మా, కోర్టులో గట్టిగా మాట్లాడకూడదు" అన్నాడు ఆవిడ కొడుకు, దబ్బనం అక్క భర్త, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"నువ్వు మాట్లాడకురా. ఫిర్యాదు ఇచ్చిన రోజున 'వదిలెయ్ పోనీ' అన్న నోరు అది. వెనక సీటులో కూర్చుని టికెట్టు కొనుక్కో."

ఆయన నవ్వేశాడు. నిజమే, అన్నాడు. మూడేళ్ళుగా ఆ మాటకు సిగ్గుపడుతూనే ఉన్నాడు.

కోర్టు వరండాలో ఇసకేస్తే రాలని జనం. దారి దొరకలేదు. అత్తగారు ఒక్కసారి గొంతు విప్పింది. "ముందుకు జరగండి! తలుపు దగ్గర నిలబడొద్దు! లోపల బోలెడంత చోటుంది!" నల్లకోట్ల లాయర్లు సైతం తెలియకుండానే ముందుకు జరిగారు. టైపిస్టు, ఫోన్ల అమ్మాయి ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకుని ఆవిడ వెనకే నడిచారు.

లోపల అవతలి బెంచీ మీద రేపు సారు ఒళ్ళో ఎర్ర గుడ్డ మూట పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన పక్కన సెంటు సారు. గది మొత్తం ఆ వాసనే! ఫోన్ల అమ్మాయి ముఖం పాలిపోయింది. అత్తగారు ఆ పిల్ల పక్కకు జరిగి కూర్చుని, "నా వైపు తిరుగు. నేను అమృతాంజనం రాసుకొచ్చాను, దాని ముందు ఆ సెంటు ఎంత?" అని గుసగుసగా అంది. ఆవిడ గుసగుస నాలుగు వరసల దాకా వినబడింది.

కేసు పిలిచారు. ఆఫీసు తరఫు లాయరు లేచి మూట విప్పించాడు. ఫైలు బల్ల మీదికి వచ్చింది.

"విచారణ ఎక్కడా ఆగలేదండీ. చూడండి, మూడేళ్ళలో పన్నెండు నోట్లు, పన్నెండు తేదీలు, పన్నెండు సంతకాలు. ఒక శాఖ అభిప్రాయం అడిగాం, వాళ్ళు ఇంకో శాఖను అడగమన్నారు. ఆలస్యం జరిగింది, ఒప్పుకుంటాం. నిర్లక్ష్యం మాత్రం లేదు. ఇంకో ఆరు నెలలు గడువిస్తే..."

ఆరు నెలలు! దబ్బనం అక్క మనసులో లెక్క వేసుకుంది, రిటైర్మెంటుకు పంతొమ్మిది రోజులే. జడ్జిగారు పేజీలు తిప్పుతున్నారు. తేదీలున్నాయి, సంతకాలున్నాయి. తల కొద్దిగా ఆడిస్తున్నారు కూడా. అయిపోయింది, అనుకుంది. కాగితం మీద అంతా పద్ధతిగా ఉంటే కోర్టు మాత్రం ఏం చేస్తుంది?

అప్పుడు జడ్జిగారు ఫైలును మొదటి కాగితం దాకా తిరగేసి, ఒక నిమిషం అలాగే ఎత్తి పట్టుకున్నారు. అడుగు కాగితం అంచు దబ్బనం అక్క కళ్ళ ముందు నిలబడింది. ఆవిడ చూపు అలవాటుగా అక్షరాల మీద కాక అంచు మీదికి పోయింది.

పైన ఒకటి. మధ్యలో ఒకటి. కింద ఒకటి.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. మూడే! నున్నగా, ఇవాళే తొడుక్కున్న చొక్కా గుండీల్లాగ మూడే మూడు! మూడేళ్ళ ఫైలుకు జల్లెడ ఏది? జరిగిన మోసం ఆవిడకు అర్థమైపోయింది. ముందున్న లాయరమ్మ నల్లకోటు పట్టుకుని లాగింది.

"అమ్మా! అమ్మా! అది ఒక్కసారే కుట్టిన ఫైలు!"

"ఏంటి?" లాయరమ్మ వెనక్కి వంగింది.

దబ్బనం అక్క ఊపిరి అందకుండా చెవిలో చెప్పేసింది. లాయరమ్మ కళ్ళు చిన్నవయ్యాయి, ఆ తరవాత పెద్దవయ్యాయి. పైకి మాత్రం ఏమీ తెలియనట్టు లేచి, మెత్తగా అడిగింది.

"ఒక చిన్న సందేహమండీ. వారి ఆఫీసు నియమం ప్రకారం నడుస్తున్న ఫైలును మూడు నెలలకోసారి మళ్ళీ కుట్టాలి. ఈ ఫైలు రికార్డు గదికి ఎప్పుడూ రాలేదు. మరి ఆ నియమం పాటించారా?"

రేపు సారు లాయరు చెవిలో ఏదో ఊదాడు. లాయరు ఛాతీ విరుచుకున్నాడు. "రహస్య ఫైలు కాబట్టి రికార్డు గదికి పంపలేదండీ. పై అంతస్తులోనే, ప్రతి మూడు నెలలకూ, తప్పకుండా కుట్టించాం. మా వాళ్ళు నియమం తప్పరు."

"ప్రతిసారీ?"

"ప్రతిసారీ!"

"పన్నెండు సార్లు?"

"పన్నెండు సార్లు!"

"ఈ మాట రాసుకోవాలని కోర్టువారిని కోరుతున్నాను" అంది లాయరమ్మ. ఆ పైన దబ్బనం అక్క వైపు తిరిగింది. "పిటిషనరే ఆ ఆఫీసులో ఫైళ్ళు కుట్టే మనిషి. ఆవిడను ఒక్క మాట చెప్పనివ్వండి."

జడ్జిగారు కళ్ళజోడు మీదుగా చూశారు. "చెప్పమ్మా. కంగారు పడకు."

లేచి నిలబడింది. ముందు బెంచీని రెండు చేతులా పట్టుకుంది. వెనక నుంచి అత్తగారి గుసగుస, ఈసారి నిజంగానే చిన్నగా, "రైట్, రైట్" అని వినబడింది. అది కండక్టరు బస్సును కదిలించే మాట. బండి కదిలింది.

"సార్, పన్నెండు సార్లు కుడితే అడుగు కాగితానికి ముప్పై ఆరు చిల్లులుండాలి. ఆరు కలిసిపోయాయనుకున్నా ముప్పై ఉండాలి. దీనికి మూడే ఉన్నాయి. ఈ కాగితాలన్నీ ఒకే రోజు, ఒకే మూటగా గుచ్చారు సార్."

ఆఫీసు లాయరు ఎగిరిపడ్డాడు. "పాత చిల్లుల్లోంచే దారం పోనిచ్చి ఉండొచ్చు కదా!"

"పైన కొత్త కాగితం పెట్టాక కింది చిల్లు మీకు కనబడుతుందా సార్? నాకైతే మూడేళ్ళలో ఒక్కసారీ కనబడలేదు. మీ దగ్గర అలాంటి కళ్ళున్నవాళ్ళుంటే మా రికార్డు గదికి పంపండి, చాలా పని పడి ఉంది."

వెనక బెంచీల్లో నవ్వు. జడ్జిగారు నవ్వలేదు గాని, పెదవి చివర కదిలింది. ఆయన తన బల్లకు దిగువన కూర్చున్న కోర్టు గుమాస్తా వైపు వంగారు. తల నెరిసిన మనిషి, వేలికి తోలు తొడుగు.

"ఏమయ్యా, ఈవిడ చెప్పేది నిజమేనా?"

గుమాస్తా ఫైలు అందుకుని అంచు మీద బొటనవేలు రాశాడు. చెయ్యి తిరిగిన వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు గుర్తుపట్టినట్టు దబ్బనం అక్క వైపు ఒక్క చూపు చూశాడు.

"నూటికి నూరు పాళ్ళు నిజం సార్. కావాలంటే దారం తీసి వెలుతురుకు పట్టండి. ఒక్కసారే గుచ్చిన కట్టయితే అడుగు నుంచి పైదాకా ఆ మూడు చిల్లులే ఉంటాయి, సూటిగా అవతలి పక్క కనబడుతుంది."

"తియ్యి."

దారం తెగింది. గుమాస్తా నలభై రెండు కాగితాల కట్టను అంచులు సరిచేసి, రెండు చేతులతో బిగించి, కిటికీ వైపు ఎత్తాడు. అందరూ మెడలు సాచారు. కట్టలోంచి మూడు చుక్కల వెలుతురు సూటిగా దూసుకొచ్చి, జడ్జిగారి నల్లకోటు మీద మూడు నాణేల్లా పడింది!

"అబ్బ!" అన్నారెవరో. అత్తగారు లేచి నిలబడిపోయింది. "నేను టికెట్టు మీద చిల్లు చూసి ఎవరు ఏ స్టేజీలో ఎక్కారో చెప్పేసేదాన్ని. మా కోడలు నన్ను మించిపోయింది!" అంది. కోర్టు బంట్రోతు వేలు పెదవుల మీద పెట్టి కూర్చోమన్నా, తానూ నవ్వు ఆపుకోలేకపోయాడు.

జడ్జిగారు కట్టను బల్ల మీద పెట్టి, రేపు సారును నిలబడమన్నారు.

"ఈ ఫైలు ఎవరు కుట్టారు?"

"అదీ... రేపు కనుక్కుని..."

"రేపు కాదు. ఇప్పుడు. ప్రమాణం చేసి చెప్పండి."

రేపు సారు సెంటు సారు వైపు చూశాడు. సెంటు సారు గోడ వైపు చూశాడు. రేపు సారు ప్రమాణం చేసి నోరు విప్పాడు.

"నేనే సార్. పోయిన శనివారం. కోర్టు ఫైలు అడిగిందని... నోట్లన్నీ అప్పుడే రాశాం. ఆవిడకిస్తే కనిపెట్టేస్తుందని భయమేసి, నేనే గుచ్చాను."

చూశారా! దబ్బనం చేతికిచ్చి నేలమాళిగలోకి తోసింది వాళ్ళే. ఆవిడ చేతికి అందకుండా ఫైలు దాచింది వాళ్ళే. తీరా ఆవిడ కళ్ళను మాత్రం దాచలేకపోయారు. మూడేళ్ళపాటు ఫైలు కదల్లేదు, అసలు పుట్టనే లేదు. ముగ్గురు ఆడవాళ్ళు రోజూ పనికి వెళ్ళి, అదే మెట్ల మీద అదే మనిషిని తప్పించుకుని తిరుగుతూ బతికిన మూడేళ్ళవి. ఆలస్యం దురదృష్టం అంటారు. కాదు. ఆలస్యం ఒక పని. కూర్చుని, ఆలోచించి, చేసే పని. శనివారాలు కూడా చేసే పని.

జడ్జిగారు అక్కడికక్కడే ఆదేశం చెప్పారు. విచారణ కమిటీ మర్నాటి నుంచి రోజూ కూర్చోవాలి. పన్నెండు రోజుల్లో నిర్ణయం కోర్టు ముందుండాలి. అప్పటిదాకా సెంటు సారు ఆఫీసు గడప తొక్కకూడదు. దొంగ తేదీలు వేసినవాళ్ళ సంగతి వేరే విచారణలో తేలుతుంది. ఫిర్యాదు చేసినవాళ్ళను ఎక్కడికీ కదపకూడదు. చివరగా ఒక మాట చేర్చారు. కొత్త ఫైలును ప్రతి సాయంత్రం కుట్టాలి, ఈ గొడవతో సంబంధం లేని మనిషి కుట్టాలి.

వరండాలోకి రాగానే ఫోన్ల అమ్మాయి ఏడుస్తూ నవ్వుతూ దబ్బనం అక్క మెడకు చుట్టుకుంది. "అక్కా, ఆ మూడు చుక్కలు చూశావా? ఒకటి నాది, ఒకటి టైపిస్టుది, ఒకటి నీది!"

"పిచ్చిదానా, చిల్లులు పంచుకుంటున్నావా?" అంది టైపిస్టు. నవ్వలేక ముగ్గురూ గోడకు ఆనుకున్నారు.

కుట్టడానికి ఎవరు? దబ్బనం అక్కకు ఆలోచించే పనే లేకపోయింది. రికార్డు తాతకు కబురు పెట్టించింది. ఆయన మర్నాడు తన సొంత దబ్బనం జేబులో పెట్టుకుని, గడ్డం నున్నగా గీయించుకుని దిగాడు. "రిటైరయ్యాక ఇంట్లో నన్ను కూరలు తరగమంటున్నారమ్మా. బతికించావు" అన్నాడు.

ఆ పన్నెండు రోజులూ ఆఫీసు ఆఫీసులా లేదు. పై అంతస్తు గదిలో తలుపులు తెరిచిపెట్టి వాంగ్మూలాలు తీసుకున్నారు. మొదటి రోజు ముగ్గురే మాట్లాడారు. మూడో రోజున లెక్కల విభాగంలో ఒకావిడ తనంతట తానే మెట్లెక్కి వచ్చింది. ఐదో రోజుకు మరో ఇద్దరు. ఒకావిడ ఉద్యోగం మానేసి ఎనిమిదేళ్ళయింది, వార్త విని రెండు బస్సులు మారి వచ్చింది. సాయంత్రం కాగానే కాగితాలు కిందికి వచ్చేవి. తాత కుట్టేవాడు, దబ్బనం అక్క చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడేది. ముట్టుకునేది కాదు. చిల్లులు మాత్రం లెక్కపెట్టేది. మూడు. ఆరు. తొమ్మిది.

"ఇంకాస్త పక్కకు దించు తాతా."

"నాకు చెబుతున్నావా? నీకు నేర్పింది ఎవరు?"

"నేర్పినవాళ్ళకే చెప్పాలి, లేకపోతే మర్చిపోతారు."

వీడ్కోలు సభకు తెప్పించిన కుర్చీలు హాల్లో ఒక మూల ఒకదాని మీద ఒకటి ఎత్తి ఉన్నాయి. ఏమవుతుందో తెలియక వాటిని ఎవరూ పరచలేదు, ఎవరూ తీసెయ్యలేదు.

పన్నెండో రోజు సాయంత్రం నిర్ణయం కాగితం వచ్చింది. ఒకటే పేజీ. ఫిర్యాదులు రుజువయ్యాయి. సెంటు సారును ఉద్యోగంలోంచి తొలగించారు. రిటైర్మెంటుకు ఇంకా వారం ఉంది! తాత ఆ పేజీని కట్ట మీద పెట్టి, దబ్బనం దించి, దారం ముడి వేసి, కొస కొరికాడు. ఫైలును తిరగేసి అడుగు కాగితాన్ని బల్బుకు ఎదురుగా పట్టుకున్నాడు. అంచు నిండా చిల్లులే.

"లెక్కపెట్టమ్మా."

ఆవిడ లెక్కపెట్టింది. ముప్పై దగ్గర కళ్ళు మసకబారాయి. ముప్పై నాలుగు దాకా వచ్చి ఆగింది. రెండు కలిసిపోయాయి.

"ఇదీ ఫైలంటే" అన్నాడు తాత.

మెట్లెక్కి పైకి వచ్చేసరికి గేటు దగ్గర అత్తగారు నిలబడి ఉంది. పక్కన కొడుకు, టైపిస్టు, ఫోన్ల అమ్మాయి, లెక్కల విభాగం ఆవిడ. హాల్లోంచి కుర్చీలు బండిలోకి ఎక్కిస్తున్న చప్పుడు వినబడుతోంది, వెనక్కి పంపించేస్తున్నారు. కోడలి ముఖం చూడగానే అత్తగారికి సంగతి తెలిసిపోయింది. వీధంతా వినబడేలా, ఇరవై ఆరేళ్ళ గొంతుతో, ఒక్క కేక వేసింది.

"రైట్, రైట్!"